బొబ్బిలి పేజీ మీద తగువు, విజయనగరం నుంచి పిలుపు

రాజాం,
ఆదివారం, రాత్రి పదకొండు.

ఒరే బావా,

నిన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా మనసులో తిరుగుతూనే ఉంది. "బడి నుంచి వచ్చి, ఇంత తిని, మళ్ళీ ఆ వికీపీడియా ముందు కూర్చుంటావట. రూపాయి రాదు, పేరూ రాదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో తగువులొకటి. ఏటిరా నీకిది?" అన్నావు. అప్పటికప్పుడు ఏం చెప్పాలో తెలియలేదు. పక్కనే మా ఆవిడ కూడా నేనేం చెబుతానా అని చూస్తోంది. అందుకే ఇలా తీరిగ్గా రాస్తున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదువు.

మనం గుంటలుగా ఉన్నప్పుడు రామకోవెల ముందు బొబ్బిలి కథ చెప్పించేవారు, గుర్తుందా? కోటలో అంతా అయిపోయాక తాండ్ర పాపారాయుడు రాజాం నుంచి గుర్రం మీద వచ్చే ఘట్టం రాగానే మీ నాన్నగారు తువ్వాలుతో కళ్ళు తుడుచుకునేవారు. ఆయన్ని చూసి మనకీ ఏడుపొచ్చేది. మన చుట్టుపక్కల పుట్టినవాడికి విజయనగరం రాజు విజయరామరాజు అంటే పగవాడు. దానికి వేరే ఆలోచనే లేదు. ఉద్యోగం రాజాంలో వచ్చినప్పుడు, పాపారాయుడు ఉన్న ఊళ్ళో ఉంటున్నానని ఎంత సంబరపడ్డానో నీకు తెలుసు.

ఆ సంబరంతోనే ఒక రాత్రి తెలుగు వికీపీడియాలో బొబ్బిలి యుద్ధం పేజీ తెరిచాను. 1757 జనవరి 24, ఫ్రెంచి సేనాని బుస్సీ, ఫిరంగులు, కోట పడిపోవడం. చదువుతుంటే ప్రాణం లేనట్టు అనిపించింది. మనం విన్న కథ అందులో ఎక్కడుంది? అర్ధరాత్రి దాకా కూర్చుని నాలుగు పేరాలు రాశాను. పాపారాయుణ్ణి మహావీరుడన్నాను, విజయరామరాజును వంచకుడన్నాను. భద్రపరిచి, తృప్తిగా పడుకున్నాను.

తెల్లారి చూస్తే ఒక్క ముక్క లేదు. ఎవరో తీసేసి, దిద్దుబాటు సారాంశంలో "మూలాలు లేవు, విజ్ఞాన సర్వస్వపు శైలి కాదు" అని రాశారు. నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ పెట్టాను. ఆయన మళ్ళీ తీశాడు. ఆయన సభ్యుడి పేజీ చూస్తే విజయనగరం మనిషి! ఇంకేముంది, ఇది పాత పగే అనుకున్నాను. ఆ సాయంత్రం మూడుసార్లు నేను పెట్టడం, మూడుసార్లు ఆయన తియ్యడం. అక్కడ ఒక నియమం ఉంది: ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఎదుటివాళ్ళ పనిని తిరగగొట్టకూడదు. నాకది తెలియదు. మా ఇద్దర్నీ ఆపడానికి ఒక నిర్వాహకుడు వచ్చి పేజీకి తాళం వేశాడు. ఆ సమయానికి పేజీలో ఉన్నది విజయనగరం ఆయన రూపం. నిర్వాహకుడు కూడా అటువైపే అనుకుని ఆ రాత్రి నేను భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు.

కానీ తాళం వేసినాయన చర్చ పేజీలో ఇలా రాశాడు. "ఇప్పుడున్న రూపమే సరైనదని దీని అర్థం కాదు. మీరిద్దరూ మాట్లాడుకోవడానికే ఆపాను." తర్వాత తెలుసుకున్నాను బావా, నిర్వాహకుడంటే పై అధికారి కాదు. మనలాంటి స్వచ్ఛంద కార్యకర్తే. తోటివాళ్ళు చర్చించి ఒప్పుకుంటే ఆ బాధ్యత వస్తుంది. పేజీకి తాళం వెయ్యగలడు, తొలగించగలడు, అల్లరి చేసేవాణ్ణి ఆపగలడు. అంతే కానీ ఏది నిజమో తేల్చే హక్కు మాత్రం ఆయనకు నాకంటే వీసమెత్తు ఎక్కువ లేదు.

వికీపీడియాలో ప్రతి వ్యాసం వెనక ఒక చర్చ పేజీ ఉంటుంది. చదివేవాళ్ళు చాలామంది దాన్ని తెరవనే తెరవరు. నన్నడిగితే అసలు పని జరిగేది అక్కడే. ఆ మర్నాడు అక్కడ విజయనగరం ఆయన నాకు రాసిన మొదటి మాట ఇది: "మీరు రాసింది అబద్ధమని నేననలేదండీ. అది ఎవరు చెప్పారో మీరు రాయలేదంటున్నాను."

ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఇరవయ్యేళ్ళుగా సోషల్ పాఠాలు చెబుతున్నాను. పిల్లలు ఏదైనా అంటే "ఎక్కడ చదివావు?" అని అడుగుతాను. నన్ను మాత్రం ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

తర్వాత రెండు రోజులకు ఆయన చేసిన పని చూడు. 1907లో ఇంగ్లీషులో వచ్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్ ఉంది కదా, అప్పట్లో బొబ్బిలీ విజయనగరం రెండూ ఆ జిల్లాలోవే. అందులో బొబ్బిలి యుద్ధం గురించి ఉన్న భాగాన్ని ఆయనే వెతికి, కూర్చుని టైపు చేసి చర్చ పేజీలో పెట్టాడు. వేరే చోట స్థలం ఇస్తాం, కోట వదిలి వెళ్ళమంటే బొబ్బిలి రాజు రంగారావు ఒప్పుకోకపోవడం, ఇక కోట నిలవదని తెలిశాక ఆడవాళ్ళూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకూడదని తమవాళ్ళే ప్రాణాలు తీయడం, ఒక ముసలాయన రంగారావు కొడుకును బతికించి తెచ్చి ఫ్రెంచివాళ్ళకు అప్పగించడం, అన్నీ. మన వైపు ఆధారాన్ని నాకంటే ముందు ఆయన తెచ్చాడురా! "ఇది మీ వాదనకు పనికొస్తుంది, చూడండి" అని కింద ఒక వాక్యం. నాకు నోట మాట రాలేదు.

ఇంకోటి చెప్పాలి, దీని కోసమే ఈ ఉత్తరం అనుకో. "వంచకుడు" అన్న మాట దగ్గర మాత్రం నేను పట్టు వదల్లేదు. జనం కథలో ఉన్నమాటే కదా, ఎందుకు తియ్యాలి అన్నాను. అప్పుడాయన రాశాడు: "మీకు ఆయన పగవాడు. మా ఊరి అమ్మవారికి ఆయన అన్నగారు."

నిజమే కదా బావా! పైడితల్లి అమ్మవారి కథ మనం ఎప్పుడు సరిగ్గా విన్నాం? పూజారిని పొడవాటి మాను చివర కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను చూడ్డానికి లారీలెక్కి వెళ్ళేవాళ్ళం, తీర్థం తిరిగి, ఖర్జూరాలు కొనుక్కుని వచ్చేసేవాళ్ళం. విజయనగరంలో చెప్పుకునే కథ ప్రకారం పైడిమాంబ ఆ విజయరామరాజు చెల్లెలు. యుద్ధం వద్దని అన్నను వేడుకుంది. ఆయన వినలేదు. అన్నకు ప్రాణగండం ఉందని తెలిసి కబురు చేద్దామని బయల్దేరి, దారిలోనే ఆయన పోయాడని తెలిసి ఆమె కూడా దక్కలేదు. తర్వాత పెద్దచెరువులో అమ్మవారి విగ్రహం దొరికింది. పాపారాయుడు గుడారంలో దూరి రాజును పొడిచాడని మనం చప్పట్లు కొట్టిన ఘట్టం ఉందే, ఆ ఊళ్ళో అది ఒక చెల్లెలి దుఃఖం. యాభై కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా నాకీ ఆలోచన ఎన్నడూ రాలేదు.

చివరికి ఎలా తేలిందంటే, యుద్ధం ఎలా జరిగిందన్నది పుస్తకాల ఆధారంతో ఒకచోట పెట్టాం. జంగం కథల్లో, బుర్రకథల్లో ఎలా ఉందన్నది వేరే విభాగం చేశాం. "బొబ్బిలి జానపద గాథల్లో విజయరామరాజు వంచకుడిగా కనిపిస్తాడు" అన్న వాక్యం ఎవరు రాశారనుకున్నావు? విజయనగరం ఆయనే. పైడితల్లి గురించి "విజయనగరంలో ప్రచారంలో ఉన్న కథ ప్రకారం" అని మొదలయ్యే వాక్యం నాది. పాపారాయుడి పక్కన "మహావీరుడు" అన్న విశేషణం నా చేత్తోనే తీసేశాను. ఆయన ఏం చేశాడో రాస్తే చాలు, చదివేవాడికి తెలుస్తుంది. ఈ రెండు వాక్యాల కోసం పదకొండు రోజులు పట్టింది.

అక్కడ ఓట్లు లెక్కపెట్టి తేల్చరు. పదిమంది ఒకవైపు ఉన్నా ఆధారం రెండోవైపు ఉంటే ఆధారానిదే మాట. ఇద్దరికీ కుదరకపోతే మూడో మనిషిని పిలుస్తారు. అప్పటికీ తేలకపోతే రచ్చబండకు, అంటే అందరూ చర్చించుకునే పేజీకి, వెళుతుంది. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ నాకు ఎంతిష్టమో! వేపచెట్టు కింద మన ఊరి పెద్దలు కూర్చున్నట్టే ఉంటుంది, కాకపోతే అక్కడ చిన్నవాడు కూడా పెద్దవాడి మాటకు ఆధారం అడగొచ్చు. ఇంగ్లీషు వికీపీడియాలో మధ్యవర్తుల సంఘం కూడా ఉంది. అది కూడా మనుషుల నడవడినే చూస్తుంది, వ్యాసంలో ఏ మాట ఉండాలో చెప్పదు. అక్కడ పెరుగు పేజీకి యోగర్ట్ అన్న మాటలో హెచ్ అక్షరం ఉండాలా వద్దా అని దాదాపు ఎనిమిదేళ్ళు వాదించుకుని 2011లో తేల్చుకున్నారు. విన్నప్పుడు చిన్న విషయంలా ఉంటుంది. కానీ ఒక భాష రెండు దేశాల్లో రెండు రకాలుగా ఉన్నప్పుడు ఎవరి రాత పైన ఉండాలన్నది వాళ్ళకు చిన్న విషయం కాదు.

పేర్ల గొడవ మనకు తక్కువేం కాదు. ఇంగ్లీషులో మన విజయనగరం వేరుగా రాస్తారు, కృష్ణదేవరాయలి విజయనగరం వేరుగా రాస్తారు. తెలుగులో రెండూ ఒకటే అక్షరాలు. హంపీకి పోవాల్సిన లింకు మన కోట దగ్గరికి వచ్చేస్తుంది. శ్రీకాకుళం కూడా అంతే. కృష్ణా జిల్లాలో ఘంటసాల దగ్గర ఇంకో శ్రీకాకుళం ఉంది, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు, రాయలవారు ఆముక్తమాల్యద రాయడానికి సంకల్పం కలిగిన చోటు. ఆ గుడిని ఎవరో తెచ్చి మన నాగావళి ఒడ్డున పెట్టేస్తారు. ఇలాంటి వాటికి, ఒకే పేరున్నవాటిని విడదీసి చూపడానికి, అయోమయ నివృత్తి పేజీలని ఉంటాయి. నెలకు ఒకటి రెండు లింకులు సరిచేస్తాను. అందులో తగువేం ఉండదు, హాయిగా ఉంటుంది.

జిల్లాల తగువు మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. 2022 ఏప్రిల్ 4న రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది కదా. ఇక్కడ ఎప్పుడో పుట్టిన కళాకారుడి పేజీలో ఏ జిల్లా రాయాలి? ఒకాయన శ్రీకాకుళం అని దిద్దుతాడు, ఇంకొకాయన విజయనగరం అంటాడు. ఇంకా వెనక్కి వెళితే విజయనగరం జిల్లా పుట్టిందే 1979 జూన్ 1న. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న. 1936కి ముందు శ్రీకాకుళం ఊరు గంజాం జిల్లాలోది. "అప్పటి ఫలానా జిల్లా, ఇప్పటి ఫలానా జిల్లా" అని రెండూ రాద్దామని నేను ప్రతిపాదించాను. కొందరు ఒప్పుకున్నారు. సొంత జిల్లా పేరు పోయిందని బాధపడుతున్న ఒక కుర్రాడు ఇంకా ఒప్పుకోలేదు. వాడి బాధ నాకు అర్థమవుతుంది, తొందరేం లేదు.

అక్కడ నాకు నచ్చని సంగతి కూడా ఒకటుంది. కొత్తగా వచ్చినవాడు ఇష్టంగా తన ఊరి గురించి నాలుగు ముక్కలు రాస్తాడు. వెంటనే మూలాలు లేవని, శైలి బాగోలేదని పేజీ నెత్తిన మూసలనే హెచ్చరిక చీటీలు అంటించేస్తారు, చర్చ పేజీలో నియమాల పేర్లు విసురుతారు. వాడు బెదిరిపోయి మళ్ళీ రాడు. తెలుగులో రాసేవాళ్ళే తక్కువ. నాకు విజయనగరం ఆయన చెప్పినట్టు ఒక్క మామూలు వాక్యంలో చెబితే ఎంతమంది నిలబడతారు! అందుకే నేనిప్పుడు ఎవరి రాత తీసినా ముందు వాళ్ళ చర్చ పేజీలో నాలుగు మాటలు రాసి, పుస్తకం ఎక్కడ దొరుకుతుందో చెప్పి, ఆ తర్వాతే తీస్తాను. మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి తప్పెటగుళ్ళ గురించి రాసింది. వాళ్ళ తాత గుండెకు రేకు తప్పెట కట్టుకుని ఆడేవాడట. తాత చెప్పింది మూలంగా చెల్లదని చెప్పడానికి నాకెంత కష్టమైందో. గ్రంథాలయంలో జానపద కళల పుస్తకం వెతికి ఇచ్చాను. తాత చెప్పినవే చాలా వరకు అందులో దొరికాయి. దాని మొహం చూడాల్సింది!

మా ఆవిడ లైటు ఆర్పమంటోంది. అసలు కబురు చెప్పి ఆపుతాను. మొన్న విజయనగరం ఆయన నా చర్చ పేజీలో రాశాడు. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమానోత్సవానికి వాళ్ళింటికి రమ్మన్నాడు. మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా సిరిమాను తిరిగే దారిలోనే వాళ్ళ మేడట. పై నుంచి ఫొటోలు బాగా వస్తాయట. తీసినవి ఎవరైనా వాడుకునేలా ఉచిత లైసెన్సుతో, వికీపీడియా బొమ్మలు దాచే కామన్స్‌లో పెడదామన్నాడు. ఇన్నాళ్ళూ మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

నువ్వూ రారా. సోమవారం రాత్రి బండికి బయల్దేరితే అందుకోవచ్చు. నీ దగ్గరున్న పెద్ద కెమెరా తప్పకుండా పట్టుకురా, నా ఫోనుతో అంత దూరం నుంచి పూజారిగారి మొహం రాదు. బొబ్బిలి నుంచి ఇద్దరు వస్తున్నారని ఆయనకు అప్పుడే రాసేశాను.

అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ బావ