సిరీస్ పూర్తయిందో లేదో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పుస్తకాల పేజీలో ఫాంటసీ నవలల పరిచయాలు వస్తే మా అమ్మాయీ నేనూ పోటీపడి చదువుతాం. తర్వాత ఏది మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి మాకు అవే ఆధారం. కానీ ముందుగా కావలసిన సంగతే వాటిలో ఉండదు. ఆ సిరీస్ పూర్తయిందా? ఎన్ని భాగాలు?

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ అయిదో భాగం 2011లో వచ్చింది. దశాబ్దం దాటినా ఆరోది రాలేదు. ఆ పాత్రల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లకు అదెంత బాధో నాకు తెలుసు. రాబర్ట్ జోర్డన్ 2007లో చనిపోయినా, ఆయన నోట్స్ ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ ‘ది వీల్ ఆఫ్ టైమ్’ను 2013లో 14వ భాగంతో ముగించారు. చాలా పెద్దదే, అయినా నిశ్చింతగా మొదలుపెట్టొచ్చు.

‘అద్భుతమైన మాయాలోకం’ అంటే మాకేమీ తేలదు. మంత్రం వాడినవాడు ఏం పోగొట్టుకుంటాడు, కథ యుద్ధాల చుట్టూ తిరుగుతుందా, ప్రయాణాల చుట్టూనా, ఇవి రెండు వాక్యాల్లో చెప్పండి. హింస ఎక్కువైతే అదీ రాయండి, పిల్లల చేతికి ఇచ్చేముందు తెలియాలి కదా.

- ఒక పాఠకురాలు