యాడ్ డబ్బుకు అనుమతి వేరు, అమ్ముకోవడానికి అనుమతి వేరు

సంపాదకులకు,

గేమ్ పాత్రలతో యానిమేషన్ వీడియోలు చేసి యూట్యూబ్‌లో సంపాదిస్తున్న కుర్రాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. జీటీఏలో తీసిన పల్లెటూరి కామెడీలు, ఫ్రీ ఫైర్ పాత్రలను బ్లెండర్ అనే త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకుని అల్లిన కథలు తెలుగు డబ్బింగ్‌తో వస్తూనే ఉన్నాయి. వాటి గురించి పత్రికల్లో వచ్చే కథనాలు మాత్రం వ్యూస్ దగ్గర, నెల ఆదాయం దగ్గర ఆగిపోతున్నాయి. ఆ ఆదాయం ఎవరి అనుమతి మీద నడుస్తోందో, ఎక్కడ ఆగిపోవచ్చో కూడా రాయాలి. అందుకే ఈ ఉత్తరం.

ముందు చట్టం సంగతి. మన 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52(1)(ఎ) కింద మినహాయింపు ఉన్నది సొంత వాడకానికి, పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు, వార్తలకు. అభిమానంతో కొత్త కథ అల్లడం ఆ జాబితాలో లేదు. 'కాపీరైట్ ఉల్లంఘన మా ఉద్దేశం కాదు', 'హక్కులన్నీ యజమానులవే' అని డిస్క్రిప్షన్‌లో రాసుకున్నా రక్షణ రాదు. పది సెకన్ల లోపు వాడితే పర్వాలేదన్న మాట కూడా పుకారే. కాబట్టి ఈ వీడియోలు నిలబడేది గేమ్ కంపెనీ తన వెబ్‌సైట్‌లో రాసి పెట్టిన అనుమతి మీద మాత్రమే. ఆ పేజీ ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండానే పని మొదలుపెడుతున్నారు.

వాల్వ్ సంస్థ పేజీ చిన్నది, స్పష్టమైనది. హాఫ్ లైఫ్, టీమ్ ఫోర్ట్రెస్ లాంటి తన గేమ్‌ల సరుకుతో (పాత్రలు, దృశ్యాలతో) వీడియో చేసి, యాడ్ ఆదాయంలో వాటా ఇచ్చే యూట్యూబ్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్ ద్వారా యాడ్ డబ్బు తీసుకోవచ్చు. చూడటానికి డబ్బు వసూలు చేయకూడదు. వీడియోను ఇంకొకరికి అమ్మకూడదు, లైసెన్స్‌కి ఇవ్వకూడదు. గొంతులు, సంగీతం, వస్తువులు గేమ్‌లోంచి విడిగా తీసి పంచకూడదు. దెబ్బతినేది ఇక్కడే. యాడ్‌లకు ఒప్పుకున్నారు కదా అని అదే వీడియోను డబ్బు కట్టినవాళ్లకే చూపిస్తారు, లేదా ఓ ఓటీటీకి అమ్మడానికి మాట్లాడుకుంటారు. 2023 ఫిబ్రవరిలో మొదలై ప్రపంచమంతా పాకిన 'స్కిబిడి టాయిలెట్' అనే యూట్యూబ్ సిరీస్ హాఫ్ లైఫ్ 2 మోడళ్లతో (పాత్రల త్రీడీ రూపాలతో), వాల్వ్ వారి యానిమేషన్ సాఫ్ట్‌వేర్ సోర్స్ ఫిల్మ్‌మేకర్‌లో పుట్టిందే. అలాంటి వీడియో యూట్యూబ్‌లో ఉన్నంతవరకు ఆ పేజీ సరిపోతుంది. బొమ్మల అమ్మకం దాకా, సినిమా దాకా వెళ్లాలంటే విడిగా రాతపూర్వక ఒప్పందమైనా ఉండాలి, అరువు మోడళ్ల స్థానంలో సొంత మోడళ్లైనా రావాలి.

మైక్రోసాఫ్ట్ కూడా యాడ్‌లకు ఒప్పుకుంటుంది గానీ, గేమ్‌ను విప్పి లోపలి ఫైళ్లు బయటికి లాగి వీడియో చేయడానికి ఒప్పుకోదు. గేమ్ ఆడుతూ, దాని కెమెరాతోనే తీయాలి. నింటెండో 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు గేమ్‌ప్లే వీడియోల గురించి, స్క్రీన్‌షాట్‌ల గురించి. మోడల్‌ను పీకి కొత్త యానిమేషన్ చేయడానికి వాటిని ఆధారంగా చూపలేం. గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 2021లో తన వార్‌హామర్ గేమ్ ప్రపంచంలో అభిమానుల సినిమాలు, యానిమేషన్లు చేయకూడదనే రాసేసింది. ఒక గేమ్‌కు చెల్లిన పద్ధతి ఇంకో గేమ్‌కు చెల్లుతుందని అనుకోవడమే పెద్ద ప్రమాదం.

ఇంకో చిక్కు, అనుభవం ఉన్నవాళ్లూ పట్టించుకోనిది: కంపెనీ అనుమతి దాని సొంత సరుకుకే. వాల్వ్ నడిపే స్టీమ్ వర్క్‌షాప్‌లో (వాడకందారులు తమ మోడళ్లను పంచుకునే చోట) ఉచితంగా దొరికే మోడళ్లలో చాలా వాటిని ఎవరో అభిమానులు వేరే కంపెనీ గేమ్‌లోంచి తీసి పెట్టారు. వర్క్‌షాప్‌లో ఉన్నంత మాత్రాన అవి వాల్వ్‌వి కావు. అభిమాని సొంతంగా చేసిన మోడలైతే ఆ అభిమాని ఒప్పుకోవాలి. సంగీతమూ అంతే. జీటీఏ కార్ రేడియోలో వచ్చే పాటలు గేమ్ కోసం మ్యూజిక్ కంపెనీల దగ్గర తీసుకున్నవి, మన వీడియోకు రావు. తెలుగు సినిమా పాట బిట్ వేస్తే, పాటలను తానే గుర్తుపట్టే యూట్యూబ్ వ్యవస్థ కంటెంట్ ఐడీ ఆడియో కంపెనీ తరఫున దాన్ని పట్టుకుంటుంది. స్వరం కాస్త మార్చి వేసినా చాలాసార్లు దొరికిపోతుంది.

పట్టుబడితే ఏం జరుగుతుంది? కంటెంట్ ఐడీ క్లెయిమ్ ('ఇది మాది' అన్న దావా) వస్తే ఆ వీడియో యాడ్ డబ్బు పాట యజమానికి వెళ్లిపోవచ్చు. మన వాదన నిజమైతే 5 రోజుల లోపు డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టాలి, అప్పుడే క్లెయిమ్ పడిన మొదటి రోజు నుంచీ వచ్చిన డబ్బును యూట్యూబ్ పక్కన ఉంచుతుంది. అవతలివాళ్లకు జవాబు ఇవ్వడానికి 30 రోజుల గడువు. ఆధారం లేకుండా మొండిగా అప్పీలు దాకా వెళ్తే వీడియో తీసివేత, దానితో పాటు స్ట్రైక్ (ఛానెల్ మీద పడే కాపీరైట్ హెచ్చరిక) రావచ్చు. 90 రోజుల్లో మూడు స్ట్రైక్‌లు పడితే ఛానెలే పోతుంది. కౌంటర్ నోటీసు (తీసివేత తప్పని చట్టపరంగా ఇచ్చే జవాబు) పెడితే మన పేరు, చిరునామా అవతలివారికి చేరతాయి. కోర్టుకు వెళ్లినా నిలబడగలం అనుకుంటేనే పెట్టాలి.

స్ట్రైక్ లేకుండానే డబ్బు ఆగే దారి మరొకటి ఉంది. గేమ్‌లోని కట్‌సీన్లు (ఆట మధ్యలో దానంతట అదే నడిచే కథా దృశ్యాలు) యథాతథంగా వేసినా, ఇంకొకరి యానిమేషన్‌కు డబ్బింగ్ మాత్రం చెప్పినా 'రీయూజ్డ్ కంటెంట్' (ఇతరుల సరుకు తిరిగి వాడారు) అని మానిటైజేషన్, అంటే ఛానెల్ ఆదాయం, ఆపేస్తారు. అప్పీలులో మన పని చూపిస్తూ 5 నిమిషాల లోపు వీడియో ఇవ్వాల్సి వస్తుంది. అందుకే ప్రతి ఎపిసోడ్‌కూ సోర్స్ ఫిల్మ్‌మేకర్ సెషన్ ఫైలు గానీ బ్లెండర్ ఫైలు గానీ, గొంతు రికార్డింగులు తేదీలతో సహా దాచుకోవాలి. రెండర్ (తుది వీడియో తయారీ) అయ్యాక డిస్క్‌లో చోటు లేదని ముందు తీసేసేది వాటినే. చిన్నపిల్లల వీడియోలుగా గుర్తు పడితే కామెంట్లు, మెంబర్‌షిప్‌లు ఉండవు, వ్యక్తిగత యాడ్‌లు రావు. ఆదాయం లెక్క వేసుకునేటప్పుడు ఇదీ చూడాలి.

చేయాల్సిన పని కష్టమైనదేమీ కాదు. మొదటి షాట్‌కు ముందే ఒక షీట్ తెరిచి మోడల్, రంగస్థలం, శబ్దం, సంగీతం, ఫాంట్‌లలో ప్రతిదీ ఎక్కడిది, యజమాని ఎవరు, డబ్బు సంపాదనకు ఒప్పుకున్నారా అన్నది రాసుకోవాలి. అనుమతి పేజీని తేదీ కనిపించేలా పీడీఎఫ్‌గా దాచాలి, ఎందుకంటే కంపెనీలు వాటిని మారుస్తుంటాయి. జవాబు దొరకని గడి ఉంటే ఆ వస్తువును తీసేయాలి. ఛానెల్ నిలదొక్కుకుంటోంది అనిపించగానే ముందు సంగీతం, తర్వాత గొంతులు, ఆ తర్వాత ముఖ్య పాత్ర, చివరికి రంగస్థలం, ఈ వరుసలో సొంతవి చేసుకుంటూ పోవాలి. సంగీతం మార్చడం తేలిక, క్లెయిమ్‌లు ఎక్కువగా వచ్చేదీ దాని మీదే. పాత్రకు మాత్రం కొత్త రిగ్ (దాన్ని కదిలించే లోపలి ఎముకల చట్రం) చేయాలి, ప్రేక్షకుడికి కొత్త ముఖం అలవాటు కావాలి, కాబట్టి కథలోనే దానికి ఒక కారణం పెట్టుకుంటే మంచిది.

యానిమేషన్ నేర్పే సంస్థలు రిగ్గింగ్, లైటింగ్‌లతో పాటు ఈ షీట్ రాయడాన్నీ ఒక పాఠంగా పెట్టాలని, మీ పత్రిక కూడా ఇకపై ఇలాంటి విజయ కథనాల్లో 'ఈ పాత్రలు ఎవరివి, అనుమతి ఏమిటి?' అన్న ప్రశ్నను ఆ యువకులను అడిగి, జవాబు అచ్చు వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక యానిమేషన్ శిక్షకుడు, హైదరాబాద్