తాతల రైఫిల్‌ను మెరిపించే ముందు

సంపాదకుల వారికి నమస్కారాలు.

మన నెల్లూరు జిల్లాలో, ముఖ్యంగా వెలికొండల వైపున ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో, తాతల నాటి లైసెన్సు రైఫిళ్లు కొన్ని పాత కుటుంబాల దగ్గర ఇంకా ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు కాలం చెల్లినా, వాటిని బాగుచేయించి కొడుక్కో మనవరాలికో అప్పగించాలన్న కోరిక మాత్రం పెద్దలలో పోలేదు. ఆ కోరిక మెచ్చదగినదే. కానీ బాగుచేయించడమంటే కొత్తదానిలా తళతళలాడించడమేనన్న అపోహతో, కాపాడబోయి పాడుచేసుకుంటున్నవారు ఉన్నందువల్ల ఈ లేఖ రాస్తున్నాను.

గొట్టం మీద చెక్కిన తయారీదారు పేరు, వరుస సంఖ్య, గొట్టం బలాన్ని పరీక్షించాక వేసే ముద్రలు, ఇవే పాత రైఫిల్‌కు వంశవృక్షం వంటివి. ఉప్పు కాగితం పట్టి గట్టిగా రుద్దితే తుప్పుతో పాటు అవీ అరిగిపోతాయి. ఆ పేరును గానీ సంఖ్యను గానీ చెరపడం 1959 నాటి ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద నిషిద్ధం. అంతేకాదు, సంఖ్య లేని తుపాకీ ఎవరి దగ్గర ఉంటే, కాదని రుజువయ్యే దాకా వారే దాన్ని చెరిపినట్టు చట్టం భావిస్తుంది. లైసెన్సు పుస్తకంలో ఉన్న సంఖ్య తుపాకీ మీద కనబడకపోతే వారసుడు ఏమని చెప్పుకోగలడు?

ఉక్కు మీద కనిపించే ఆ నీలి నలుపు పూత సంగతీ అలాంటిదే. పాతకాలపు పనివారు ఉక్కును కావాలనే పలుచగా తుప్పు పట్టించి, నీటిలో మరగబెట్టి, ఆ తుప్పునే నల్లని రక్షణ పొరగా మార్చేవారు. ఎంత తెలివైన పని! ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు పులుసుతో తోమితే ఆ పొర కాస్తా ఊడిపోతుంది. పలుచని నూనె రాసి కొంతసేపు నానబెట్టి, మెత్తటి గుడ్డతో ఓపికగా తుడవడమే సరైన పద్ధతి. చెక్క భాగానికి వార్నిష్ కంటే, కొద్దికొద్దిగా రుద్ది ఇంకించిన అవిసె నూనె మేలు. తోలు సంచిలో మాత్రం ఎన్నడూ దాచకూడదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని పదును చేసిన లవణాలు ఉక్కును తింటాయి. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాలకు ముందే ఒకసారి నూనె పూయించి ఉంచడం అవసరం.

ఇంతకు మించిన మరమ్మతు ఏదైనా లైసెన్సు ఉన్న దుకాణంలోనే జరగాలి. కొయ్య గరిటెలకు పేరుపొందిన ఉదయగిరిలో చెక్కపనిలో ఆరితేరినవారు ఎందరున్నా, తుపాకీని వారి ఇంట వదిలి రావడానికి చట్టం ఒప్పదు. పాత గొట్టం నేటి తూటా ఒత్తిడిని తట్టుకుంటుందో లేదో నిపుణుడు తేల్చే దాకా దాన్ని పేల్చే ఆలోచనే వద్దు.

వస్తువు బాగుపడినా కాగితం లేకపోతే అది వారసత్వం కాదు. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ చేతికి వచ్చి 25 ఏళ్లు గడిచినా, తన వారసులలో ఒకరిని సూచించి బతికుండగానే వారి పేర లైసెన్సుకు దరఖాస్తు చేయించే వీలు 2016 ఆయుధాల నియమాలలో ఉంది. ఈ సంగతి తెలియక చాలామంది మరణం తర్వాతే కదులుతున్నారు. అప్పుడు తుపాకీని పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న వ్యాపారి వద్ద గానీ అప్పగించాలి. నిర్ణీత గడువులో తిరిగి తీసుకోకపోతే అది ప్రభుత్వపరం కావచ్చు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒకరి పేర రెండుకు మించి తుపాకులు ఉండరాదు, వారసత్వంగా వచ్చినవాటికీ అదే పరిమితి. కనుక ఏది ఎవరికన్నది పంపకాల నాడే తేల్చుకోవడం మంచిది.

వారసుల దరఖాస్తుల పరిశీలనకు కలెక్టర్ కార్యాలయంలో నెలకు ఒక రోజైనా కేటాయించాలని, స్టేషన్‌లో అప్పగించే ప్రతి ఆయుధానికీ దాని స్థితిని రాసిన రసీదు ఇవ్వాలని, అక్కడ ఉన్నంతకాలం లైసెన్సుదారైన పనివాని చేత, పోలీసుల సమక్షంలోనే, దానికి నూనె పూయించుకునే అనుమతి వారసులకు కల్పించాలని మీ పత్రిక ద్వారా జిల్లా అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆత్మకూరు, నెల్లూరు జిల్లా