మంత్రి గారూ, నా పుస్తకం తెలుగులో ఉండటమే తప్పా?

గౌరవనీయులైన రక్షణ మంత్రి గారికి నమస్కారం.

ఇది మీకు నా నాలుగో ఉత్తరం. మొదటి మూడింటి స్పీడ్ పోస్టు రసీదులు నా దగ్గరే ఉన్నాయి. మీ జవాబే లేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మిలిటరీ మాధవరం పక్క ఊరు మాది. 1996లో చేరి, 2020లో పారా ఎస్ఎఫ్ (పారాచూట్ రెజిమెంట్ స్పెషల్ ఫోర్సెస్, అంటే ఆర్మీ కమాండోలు) హవల్దారుగా రిటైరయ్యాను. ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్‌కి సెక్యూరిటీ. నైట్ డ్యూటీల్లో విజిటర్ల రిజిస్టరు పక్కనే లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుని మూడేళ్లు రాశాను. 380 పేజీలు. "ఇన్నేళ్లు అక్కడ ఏం చేశావురా?" అని మా అమ్మ అడిగినదానికి జవాబది.

పబ్లిషరు మీ శాఖ పర్మిషన్ కాగితం తెమ్మన్నారు. ఢిల్లీలో ఒక సెక్షన్‌కి రాస్తే రెండు కాపీలు అడిగారు, పంపాను. ఆర్నెల్లకి అవి కనబడటం లేదన్నారు, మళ్లీ పంపాను. ఆఖరికి ఒక్క లైను వచ్చింది: తెలుగు చదివేవాళ్లు లేరు, ఇంగ్లీషులో పంపండి.

అనువాదానికి పేజీకి 250 అడుగుతున్నారు. అంటే 95 వేలు! కమాండోగా తీసుకునే ముందు పెట్టే 90 రోజుల ప్రొబేషన్ పరీక్ష తట్టుకున్నవాణ్ని. పారా ఎస్ఎఫ్ వాళ్ల గుర్తయిన బలిదాన్ బ్యాడ్జీ ఇచ్చిన రోజు ఆనవాయితీ ప్రకారం రమ్ము గ్లాసు అంచు కొరికి కరకరా నమిలాను. ఆ నోటికి ఈ ఒక్క లైను మింగుడుపడటం లేదు సార్. చేరేటప్పుడు తెలుగోడివని ఎవరూ వద్దనలేదే?

రహస్యాలంటారా, ఎక్కడ దిగామో, ఎవరు పంపారో రాయలేదు. నా బడ్డీ, అంటే నాకు జోడీగా ఉన్న జవాను, పేరు కూడా మార్చాను. అతని చెప్పుల సైజు, అతను చపాతీలో పంచదార చుట్టుకు తినడం, ఇలాంటివే ఉన్నాయి. వీటితో శత్రువు ఏం చేసుకుంటాడు?

బ్రిటన్‌లో ఎస్ఏఎస్ (వాళ్ల ఆర్మీ కమాండో దళం) మాజీ సైనికుడు ఆండీ మెక్నాబ్ మారుపేరుతో 1993 నుంచి పుస్తకాలు వేస్తున్నాడు. అక్కడ 1996 నుంచి స్పెషల్ ఫోర్సెస్ వాళ్ల చేత అనుమతి లేకుండా నోరు విప్పబోమని సంతకం పెట్టిస్తున్నారు. కఠినమే, కానీ రూలేంటో ముందే తెలుస్తుంది. మన దగ్గర మాజీ ఆర్మీ చీఫ్ పుస్తకమే, 2024 జనవరిలో రావాల్సింది, పరిశీలనలో ఆగిపోయింది. హవల్దారుని, నేనెంత!

తెలుగు వచ్చిన ఒక్క ఆఫీసరుకి ఇప్పించండి. కొట్టేయాల్సిన పేజీలుంటే కొట్టేయమనండి. వద్దంటే వద్దని రాసివ్వండి. మా అమ్మకి ఎనభై దాటాయి, "అచ్చయిందా?" అని పూటపూటా అడుగుతోంది.

ఇంకో కాపీ కావాలన్నా పంపుతాను. జిరాక్స్ షాపాయన ఇప్పుడు అప్పు కూడా ఇస్తున్నాడు.

ఇట్లు,
ఒక మాజీ పారా హవల్దారు,
పశ్చిమ గోదావరి జిల్లా