చేపల తొట్టి మందులు ఏవో చెప్పి అమ్మండి

సంపాదకుల వారికి నమస్కారం.

మా అనంతపురంలో ఇళ్లలో చేపల తొట్టి పెట్టుకునేవాళ్లు బాగా పెరిగారు, సంతోషమే. కానీ చేపలు కొన్న ప్రతివాళ్ల చేతిలో షాపువాళ్లు ఒక నీలం సీసా, ఒక యాంటీ క్లోరిన్ సీసా పెట్టి ‘నీళ్లు మార్చినప్పుడల్లా నాలుగు చుక్కలు వేయండి సార్, ఏమీ కాదు’ అని పంపించేస్తున్నారు. మీ ఇంటికొచ్చేది బోరు నీళ్లా, మున్సిపాలిటీ నీళ్లా అని అడిగినవాళ్లు నాకింతవరకు కనబడలేదు. మొదట అడగాల్సిందే అది.

యాంటీ క్లోరిన్‌లో మామూలుగా ఉండేది సోడియం థయోసల్ఫేట్. అది క్లోరిన్‌ను విరిచేస్తుంది, అంతే. కొళాయి నీళ్లలో క్లోరిన్ మన ఆరోగ్యం కోసం కలుపుతారు, చేపల మొప్పలకు మాత్రం అది పడదు కాబట్టి అక్కడ ఆ చుక్కలు వాడాల్సిందే. నేరుగా బోరు నుంచి వచ్చే నీళ్లలో క్లోరినే ఉండదు, మరి ఆ సీసా ఎందుకు కొనిపిస్తున్నట్టు? బోరు నీళ్ల బాధ వేరు. మా జిల్లాలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, దాంతోపాటు చాలా బోర్లలో కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు కూడా ఎక్కువే. కొన్నాళ్లు వదిలేస్తే తొట్టి అద్దం మీద నీటిమట్టం దగ్గర తెల్లటి చార గట్టిపడి గోరుతో గీకినా రాదు, వెనిగర్‌లో తడిపిన గుడ్డతో రుద్దితే గానీ వదలదు. క్లోరిన్ తీసే మందు ఈ కాఠిన్యాన్ని ఏమీ చేయలేదు. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) తగ్గించే సీసా కూడా అలాంటి నీళ్లలో ఒకటి రెండు రోజులే పనిచేసి మళ్లీ మొదటికి తెస్తుంది, ఆ ఎక్కుదిగుళ్లకే చేపలు నీరసపడిపోతాయి. దానికి బదులు మా నీళ్లకు పడే గప్పీలు, మోలీలు పెంచుకోమని చెప్పొచ్చు కదా. కాఠిన్యం తక్కువున్న నీళ్లు కోరే నియాన్ టెట్రాలే కావాలంటే బోరు నీళ్లలో ఆర్వో నీళ్లు కలుపుకోవాలి. ఉత్త ఆర్వో నీళ్లు మాత్రం పోయకూడదు, వాటిలో చేపలకు కావాల్సిన ఖనిజాలు దాదాపు ఉండవు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది నీలం సీసా. అది మిథిలీన్ బ్లూ. ఫంగస్ పట్టిన చేపను విడిగా ఇంకో డబ్బాలో పెట్టి వాడాల్సిన మందు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే మంచి బ్యాక్టీరియా ఫిల్టర్‌లో చేరి కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ప్రతిసారీ నీలం మందు వేసి, నీళ్లన్నీ పారబోసి, ఫిల్టర్ స్పాంజిని కొళాయి కింద పిండి కడిగితే ఆ బ్యాక్టీరియా దెబ్బతిని నీళ్లలో అమ్మోనియా పేరుకుంటుంది. మా పక్కింటి పాప గోల్డ్‌ఫిష్‌లు ఇలాగే నీటి పైకొచ్చి నోళ్లు తెరిచి ఆయాసపడుతుంటే, ఇంకో నాలుగు చుక్కలు వేయమని షాపులో చెప్పారట! పీహెచ్ ఎక్కువున్న నీళ్లలో, 40 డిగ్రీలు దాటే మా ఎండల్లో అమ్మోనియా విషం ఇంకా తీవ్రమవుతుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ కూడా తక్కువే. అప్పుడు చేయాల్సింది గాలి పంపు పెట్టడం, వారానికి పావు వంతు నీళ్లే మార్చడం, స్పాంజిని ఆ తొట్టి నీళ్లలోనే పిండటం. గాలి పంపుకు తప్ప వీటికి ఖర్చేమీ లేదు, అందుకేనేమో ఎవరూ చెప్పరు.

ఇంకో మాట. నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో చూపే టీడీఎస్ మీటర్ చూసి నీళ్లు బాగున్నాయనుకోవద్దు, అందులో అమ్మోనియా తెలియదు, దానికి వేరే టెస్ట్ కిట్ కావాలి.

షాపుల వాళ్లను నేను అడిగేది పెద్ద కోరిక కాదు. పెద్ద క్యాన్‌లోంచి చిన్న సీసాల్లోకి పోసి పేరు లేకుండా అమ్మడం ఆపండి. లోపల ఏముంది, ఎన్ని లీటర్లకు ఎంత వేయాలి, ఎప్పటిదాకా పనిచేస్తుంది అన్నవి సీసా మీద తెలుగులో రాయండి. మత్స్యశాఖ వాళ్లు కూడా ఒకసారి ఈ షాపులకు వెళ్లి చూస్తే బాగుంటుంది.

– ఒక పాఠకుడు, అనంతపురం