ఆవకాయ జాడీకి గీతలు సొగసు కావు

సంపాదకులు గారికి,

ఆదివారం అనుబంధంలో చేతితో చేసిన జాడీల మీద వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. ఫొటోలు బాగున్నాయి. కానీ జాడీ లోపలి గ్లేజు మీద వల పరిచినట్టున్న సన్నని గీతలను ‘పాతకాలపు సొగసు’ అన్నారు. పూలు పెట్టుకునే కూజాకైతే సొగసే, ఆవకాయ జాడీకి లోపం. 14 ఏళ్లుగా పెరట్లో కరెంటు బట్టీ పెట్టుకుని, బాగా వచ్చిన పాత్రలకంటే పాడుచేసుకున్నవే ఎక్కువైనదాన్ని కాబట్టి చెబుతున్నాను.

గ్లేజు అంటే మట్టి మీద కరిగి అతుక్కున్న గాజు పొర. బట్టీ చల్లారేటప్పుడు మట్టీ, గాజూ రెండూ కుంచించుకుపోతాయి. గాజు మరీ ఎక్కువ కుంచించుకుపోతే, బిగుతు రవిక కుట్లు తెగినట్టు పగుళ్లిస్తుంది. నా మొదటి జాడీలు బట్టీలోంచి తీశాక వారం రోజులు రాత్రిళ్లు టింగు టింగుమన్నాయి. వంటింట్లో ఎలుకలు చేరాయని మా అత్తగారు బోను కూడా పెట్టించారు. తొందరపడి బట్టీ తలుపు తీయడమే నా తప్పనుకున్నాను. తర్వాతిసారి రెండు రోజులు ఆగి తీసినా అదే మోత. చివరికి గ్లేజులో పలుగురాతి పొడి, అంటే సిలికా, కొద్దికొద్దిగా పెంచుతూ చిన్న చిన్న బిళ్లల మీద కాల్చి చూశాను. అయిదో బిళ్ల మీద గీతలు రాలేదు. సిలికా పెరిగితే గాజు కుంచించుకుపోవడం తగ్గుతుంది. గ్లేజు కరగడానికి కలిపే ఫెల్డ్‌స్పార్ అనే రాతి పొడితో పాటు వచ్చే సోడియం, పొటాషియం దాన్ని పెంచుతాయి. సిలికా పొడి ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు చీర కొంగు అడ్డం పెట్టుకుంటే చాలదు, సన్నని ధూళిని ఆపే మాస్కు కావాలి.

మిగతా తప్పులు చాలావరకు బట్టీ వెలిగించక ముందే జరిగిపోతాయి. ఒకసారి తలకు కొబ్బరినూనె రాసుకున్న చేత్తోనే మొదటి కాల్పు అయిన గిన్నెను పట్టుకుని గ్లేజులో ముంచాను. నా వేళ్లు తగిలిన చోటల్లా గ్లేజు తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుపోయి మట్టి బోడిగా తేలింది. ఇప్పుడు ప్రతి గిన్నెనూ తడి స్పాంజితో తుడిచి, ఆరాకే ముంచుతున్నాను. పూత మందమైతే కారుతుంది. అలా కారిన ఒక పళ్లెం బట్టీ పలకకు అతుక్కుపోతే ఉలితో కొట్టాల్సి వచ్చింది, పళ్లెంతో పాటు పలకా పోయింది.

ఇక జాడీ కొనేవారికి. లోపల నాలుగు సిరా చుక్కలు వేసి, కాసేపాగి తుడవండి. గీతలు నల్లగా తేలితే అందులో పచ్చడి పెట్టవద్దు. కింది మట్టి పూర్తిగా గట్టిపడనిదైతే ఉప్పు, నూనె, పులుపు ఆ సందుల్లోంచి దిగి వాసన పట్టేస్తాయి. నిమ్మచెక్కను ఒక రాత్రంతా గ్లేజుకు ఆనించి ఉంచండి. తెల్లారేసరికి అక్కడ రంగో మెరుపో తగ్గితే ఆ జాడీని తిండికి వాడకండి. ఏమీ మారకపోయినంత మాత్రాన అందులో సీసం లేదని కాదు, అది ప్రయోగశాలలోనే తేలుతుంది. సీసం కలిసిన గ్లేజు సరిగ్గా కుదరకపోతే మామిడికాయ పులుపు దాన్ని పచ్చడిలోకి లాగుతుంది. అందుకే అమ్మేవారిని సీసం ఉందా అని నిలదీసి అడగండి. మొహమాటపడకండి.

టింగుమన్న నా జాడీల్లో ఒకటి ఇంకా వంటింట్లోనే ఉంది, గరిటెలు వేసుకోవడానికి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం