ఫుట్‌బాల్ ఆసియా కప్‌కు వెళ్ళిన అమ్మాయిలకు నాలుగు లైన్లేనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆదివారం పేపర్‌లో మన మహిళల ఫుట్‌బాల్ గెలుపును మీరు వేసిన తీరు గురించి ఈ ఉత్తరం గురువారం రాస్తున్నాను. నాలుగు రోజులు పోతే కోపం చల్లారుతుంది అనుకున్నాను. చల్లారలేదు.

2025 జూలై 6 నాటి మీ క్రీడల పేజీ ఇప్పుడు నా ముందే ఉంది. పైన సగం పేజీ ఎడ్జ్‌బాస్టన్ టెస్టు, శుభ్‌మన్ గిల్ ఫొటో. మొదటి ఇన్నింగ్స్‌లో 269, రెండో ఇన్నింగ్స్‌లో 161 కొట్టిన పిల్లవాడికి సగం పేజీ ఇవ్వాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. మన సిరాజ్ ఆరు వికెట్లు తీసిన రోజు మా ఇంట్లో గట్టిగా అరిచింది నేనే. కానీ దాని కింద ఇంకో క్రికెట్ వార్త, దాని పక్కన ఎవరో క్రికెటర్ కొత్త కారు కొన్న సంగతి ఫొటోతో సహా, ఆ కారు కింద ప్రకటనకు ఆనుకుని నాలుగు లైన్లు: మహిళల ఫుట్‌బాల్‌లో థాయ్‌లాండ్‌పై భారత్ గెలుపు. స్కోరు ఒక్కటే ఉంది. గోల్స్ కొట్టిన అమ్మాయి పేరు లేదు, ఆ గెలుపుతో ఏం దక్కిందో కూడా లేదు.

ఏం దక్కిందో నేను చెప్తాను. శనివారం సాయంత్రం చియాంగ్ మాయ్‌లో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ను వాళ్ళ సొంత గడ్డ మీద 2-1తో ఓడించి, వచ్చే ఏడాది ఆస్ట్రేలియాలో జరిగే ఆసియా కప్‌కు అర్హత సాధించారు. క్వాలిఫయర్స్ (అర్హత పోటీలు) ఆడి గెలిచి ఆ టోర్నీకి వెళ్ళడం మన దేశానికి ఇదే మొదటిసారి. చివరిసారి పూర్తిగా ఆడింది 2003లో. 2022లో మన దగ్గరే పెట్టారు కదా, అప్పుడు జట్టులో కరోనా వచ్చి మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది, ఆ పిల్లలు ఎంత ఏడ్చి ఉంటారో. ఇక థాయ్‌లాండ్ అంటే రెండు ప్రపంచ కప్‌లు ఆడిన జట్టు, ర్యాంకుల్లో మనకంటే ఎంతో పైన ఉంది. ఇద్దరూ అప్పటికి చెరి మూడు మ్యాచ్‌లు గెలిచి వచ్చారు, గెలిచినవాళ్ళే ఆస్ట్రేలియాకు. 29వ నిమిషంలో సంగీతా బాస్ఫోర్ దూరం నుంచి కొట్టిన బంతి నెట్‌లో పడింది. సెకండాఫ్ మొదలైన వెంటనే థాయ్‌లాండ్ స్కోరు సమం చేసింది, అక్కడి నుంచి నేను కుర్చీలో కూర్చోలేదు. 74వ నిమిషంలో మళ్ళీ ఆ అమ్మాయే. తర్వాత ఆట అయిపోయేదాకా పడిన టెన్షన్ నాకు, నా బీపీ మాత్రకు తెలుసు. మంగోలియాను 13-0తో, తిమోర్‌ను 4-0తో, ఇరాక్‌ను 5-0తో కొట్టి వచ్చిన జట్టు అది. నాలుగు మ్యాచ్‌ల్లో 24 గోల్స్ కొట్టి, ఒక్కటంటే ఒక్కటి ఇచ్చింది.

అసలు బాధ ఇంకోటి. ఈ క్వాలిఫయర్స్‌కు వెళ్ళిన జట్టులో గుగులోత్ సౌమ్య ఉంది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్ళిన అమ్మాయి. క్రొయేషియా వెళ్ళి అక్కడి డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు ఆడింది, మొన్న మన దేశ మహిళల లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ క్లబ్ జట్టులో ఉంది, ఈ ఏడాది దేశంలోనే ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు అందుకుంది. నిజామాబాద్, కరీంనగర్, వరంగల్ అంతటా మీ పత్రిక ఇంటింటికీ వస్తుంది. ఆ అమ్మాయి పేరు రాయడానికి ఇంతకంటే ఏం కావాలి? కోల్‌కతాలోనో కొచ్చిలోనో పుట్టి ఉంటే ఆదివారం మొదటి పేజీలో ఉండేది.

నేను కాజీపేటలో రైల్వేలో పనిచేసి రిటైర్ అయిన మనిషిని. సాయంత్రం రైల్వే గ్రౌండ్‌కు వెళ్తాను. అక్కడ పది పన్నెండు మంది ఆడపిల్లలు ఆడుతుంటారు, వాళ్ళలో ఒకమ్మాయి మహబూబాబాద్ వైపు తండా నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండి చదువుకుంటోంది. ఆ పిల్ల దగ్గర ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ ఉంది. పేపర్లో ఫుట్‌బాల్ అని ఎక్కడ కనబడినా కత్తిరించి అందులో అంటిస్తుంది. జిగురు లేని రోజు అన్నం మెతుకులతో అంటిస్తుంది, పేజీ తిప్పితే ఎండిన మెతుకులు గరగరలాడతాయి. ఆదివారం సాయంత్రం నన్ను చూడగానే పరుగెత్తుకుంటూ వచ్చి, "తాతా, సౌమ్యక్క ఫొటో వచ్చిందా పేపర్ల?" అని అడిగింది. నేను తీసుకెళ్ళిన పేజీ ఇచ్చాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఆ నాలుగు లైన్లే జాగ్రత్తగా చింపుకుంది. నోట్‌బుక్‌లో పెద్ద ఖాళీ వదిలిపెట్టి ఉంది ఈ వార్త కోసం. ఆ ఖాళీలో ఈ ముక్క ఒక మూలకు పోయింది.

సోమవారం మీ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడాడు, "సార్, ఫుట్‌బాల్ ఎవరు చదువుతారు సార్, పైగా మ్యాచ్ లేట్‌గా అయింది" అన్నాడు. ఇంగ్లండ్‌లో ఆట మనకు రాత్రి పదకొండు దాకా జరుగుతుంది. దానికి పేజీ ఆపగలిగినవాళ్ళు అంతకంటే ముందే అయిపోయిన మ్యాచ్‌కు ఎందుకు ఆపలేరు? అర్ధరాత్రి దాటాక అయ్యే ఆటలు ఆదివారం పేపర్లో రాకపోతే నేను ఏమీ అనను. ఫుట్‌బాల్ క్లబ్బుల ప్రపంచ కప్‌లో రియల్ మాడ్రిడ్ డార్ట్‌మండ్‌ను 3-2తో ఓడించింది మనకు తెల్లవారుజామున. కానీ సోమవారం పేపర్లోనూ లేదే! పారిస్ జట్టు ఇద్దరు రెడ్ కార్డులతో బయటికి పోయి తొమ్మిది మందితో మిగిలాక కూడా బయర్న్ మీద రెండో గోల్ కొట్టింది, అలాంటి ఆట ఏడాదికి ఒకటి చూస్తాం, అదీ లేదు.

రగ్బీ సంగతికి వస్తే ఇంకా ఘోరం. మా మేనల్లుడు ఆక్లండ్‌లో ఉంటాడు, వాడి పుణ్యాన నాకు ఆ ఆట అలవాటైంది, ఇప్పుడు వాడికంటే నేనే ఎక్కువ చూస్తున్నాను. ఒక్కసారి మీరు రగ్బీ వార్త వేశారని సంతోషపడి చదివితే, న్యూజిలాండ్ ఫ్రాన్స్‌పై "31-27 గోల్స్ తేడాతో" గెలిచిందని రాశారు. రగ్బీలో గోల్స్ లెక్క ఉండదండీ. బంతిని గీత దాటించి నేలకు ఆనిస్తే ట్రై, దానికి 5 పాయింట్లు, ఆ తర్వాత పోస్టుల మధ్య నుంచి తన్నితే ఇంకో 2, పెనాల్టీకి 3. న్యూజిలాండ్ నాలుగు ట్రైలు చేసింది. ఫ్రాన్స్ పెద్ద ఆటగాళ్ళు చాలామంది లేకుండా వెళ్ళి కూడా నాలుగు పాయింట్ల దగ్గరికి వచ్చింది, వార్త అది. దానికి తోడు హెల్మెట్లు, భుజాలకు కవచాలు పెట్టుకున్న వాళ్ళ ఫొటో వేశారు. అది అమెరికావాళ్ళ ఆట, రగ్బీలో హెల్మెట్లు పెట్టుకోరు. అదే రోజు జపాన్ వేల్స్‌ను 24-19తో ఓడించింది, వేల్స్‌కు టెస్టుల్లో (రగ్బీలో దేశాల మధ్య ఆటలనూ టెస్టులే అంటారు) వరుసగా అది 18వ ఓటమి, 2023 ప్రపంచ కప్ తర్వాత అప్పటిదాకా ఒక్క గెలుపు లేదు. అంత పేరున్న జట్టుకు ఇలా అయితే అది ఒక కథ. జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగితే హైదరాబాద్ పేరుతో జట్టు ఆడింది, మన రాష్ట్రంలో ఎంతమందికి తెలుసు? మీరు రాయలేదు, వాళ్ళకు తెలియలేదు.

ఫుట్‌బాల్ ఎవరు చదువుతారన్న ఆ మాట ఇంకా నా చెవిలో ఉంది. ఇది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ అనే పెద్ద ఫుట్‌బాల్ టోర్నీ గెలిచిన గడ్డ. మన హైదరాబాద్ రహీం సాబ్ కోచ్‌గా ఉన్నప్పుడు ఫుట్‌బాల్‌లో మన దేశం 1951లో, 1962లో ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చింది, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వెళ్ళిన తులసీదాస్ బలరాం రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ గెలిచినప్పుడు గోల్‌కీపర్ కట్టిమని పెనాల్టీలు ఆపుతుంటే మా వీధి పిల్లలు బైకుల మీద ఊరంతా తిరిగారు. మనవాళ్ళు చూడరని ఎవరు తేల్చారు?

తప్పంతా మీదే అని కూడా అనను. 2021లో హనుమకొండ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పెట్టినప్పుడు ఎంత గర్వపడ్డామో. మిగతా గ్రౌండ్లు వెళ్ళి చూడండి. సభ పెడతారు, పందిరి గుంజలు పీకి గుంతలు అలాగే వదిలేస్తారు, సీసా పెంకులు పిల్లల కాళ్ళకు గుచ్చుకుంటాయి. మొన్న మేమే నలుగురం ముసలివాళ్ళం తట్టా పార తెచ్చి గుంతలు పూడ్చాం. గోల్ పోస్టుకు నెట్ లేదని అర్జీ ఇచ్చి రెండేళ్ళు, ఆ ఫైలు ఏ బల్ల మీద ఉందో ఎవరూ చెప్పరు. బడుల్లో పీఈటీ పోస్టు ఖాళీ, ఉన్నచోట ఆయన్ని వేరే డ్యూటీకి పంపుతారు. మీ జిల్లా పేజీలో ఇవి రాస్తే అధికారులు కదులుతారు, పేపర్లో వస్తేనే కదులుతారు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఆదివారం, సోమవారం క్రీడల పేజీలో అరచేతి వెడల్పు జాగా, అందులో ఫుట్‌బాల్, రగ్బీ ఫలితాలు, గోల్ కొట్టినవాళ్ళ పేర్లు. సౌమ్య గురించి ఒక మంచి కథనం, ఫొటోతో. ఈ శనివారం న్యూజిలాండ్, ఫ్రాన్స్ మళ్ళీ ఆడుతున్నాయి, ఆదివారం క్లబ్ ప్రపంచ కప్ ఫైనల్ ఉంది. పేపర్ కోసం పొద్దున్నే గేటు దగ్గర ఉంటాను. గ్రౌండ్‌లో ఆ పిల్ల కూడా అడుగుతుంది, ఆమె నోట్‌బుక్‌లో ఆ ఖాళీ అలాగే ఉంచింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి,
కాజీపేట.